ఫ్రిజ్ మీది చీటీలు, పసుపు బియ్యం

“...మూతే లేనప్పుడు ఆ డబ్బా ఎందుకు అత్తయ్యా? అందులో ఏం పోస్తారు, ఎలా మూస్తారు?”

“మూత దొర్కితే?”

“ఎక్కడ దొరుకుతుందండి?”

“దొర్కుతది. నువ్వు డబ్బా పారేసినంక దొర్కుతది. అప్పుడు మూత వట్టుకొని నేనేం జెయ్యాలె?”

చందానగర్ మార్కెట్ వెనక సందులో, వంటింటి గట్టు దగ్గర, ఇద్దరూ ఒకే ప్లాస్టిక్ డబ్బాను చెరో వైపు పట్టుకుని నిలబడ్డారు. ముందుగా వదిలింది కోడలు సంయుక్త. సక్కుబాయి డబ్బాను కొంగుతో తుడిచి మళ్ళీ అటక మీదికి నెట్టింది. అక్కడ ఇంకా నలభై దాకా ఉన్నాయి. సగానికి మూతలు లేవు.

అది 2011 సెప్టెంబరు. సకల జనుల సమ్మె మొదలై పది రోజులు దాటింది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు గనులు ఆగి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. సక్కుబాయి భర్త పెంటయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్. పొద్దున్నే గులాబి కండువా వేసుకుని డిపో ముందు టెంటులో కూర్చోవడానికి పోతాడు. కొడుకు నరేందర్, కోడలు సంయుక్త మాదాపూర్‌లో చెరో కంపెనీ. ఆ కంపెనీలు మాత్రం ఆగలేదు. బంద్ రోజులకు బదులుగా శని, ఆదివారాలు కూడా రమ్మనేవి.

సక్కుబాయికి యాభై రెండేళ్ళు. పదిహేనో ఏట సదాశివపేట దగ్గరి పల్లె నుంచి చందానగర్‌కు కోడలిగా వచ్చింది. అప్పుడు ఈ ఇంటికి ఆరు బర్రెలుండేవి. వాటిని తోలుకుని ఆమె కొండాపూర్ దాకా పోయేది. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు ఉండేవి. ఈ మాట ఆమె ఎవరికీ గొప్పగా చెప్పదు, అడిగితే “ఎండ బాగుండేది, నీడ లేకుండె” అంటుంది. మేత పోయాక బర్రెలు పోయాయి. తర్వాత పదేళ్ళుగా మాదాపూర్‌లో ఒక కంపెనీ క్యాంటీన్‌లో కూరగాయలు తరుగుతోంది. పొద్దున ఆరింటికి పోతే మధ్యాహ్నం రెండింటికి పని అయిపోతుంది. డబ్బాలన్నీ అక్కడివే. సాసు డబ్బాలు, పచ్చడి జాడీలు, నూనె టిన్నులు. క్యాంటీనోళ్ళు పారేసేవి. ఆమె కడిగి, ఎండబెట్టి, సంచిలో వేసుకుని సెవెన్ సీటర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. వాటితోపాటు బట్టల దుకాణం సంచులు, పెళ్లి పత్రికలు, మిఠాయి డబ్బాలకు కట్టిన దారాలు. ఇల్లు మూడు గదులు. అందులో ఒక గది నిజానికి వీటిదే.

సంయుక్తది తణుకు. ఆఫీసులో నరేందర్‌ను ఇష్టపడి చేసుకుంది. పెళ్లయి ఎనిమిది నెలలు. పనిమంతురాలు, నోరు మంచిది, ఎవరినీ ఒక మాట అనదు. ఈ సుగుణాలన్నీ ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో సక్కుబాయికి ఈ ఎనిమిది నెలల్లో తెలిసింది.

జూలైలో ఒక శుక్రవారం సంయుక్త ఆఫీసుకు ఎవరో ఒకాయన వచ్చి, తక్కువ వస్తువులతో బతకడం గురించి రెండు గంటలు మాట్లాడి పోయాడు. మర్నాటి నుంచి ఫ్రిజ్ మీద పసుపు రంగు చీటీలు అతుక్కోవడం మొదలయింది. ఏడాదిగా వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు. ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాలి. నేల మీద మూడు రోజులు కదలకుండా ఉన్న సంచి అక్కర్లేని సంచి. పారేయడం కన్నా పనికొచ్చేవాళ్ళకు ఇవ్వడం మేలు. సక్కుబాయికి చదువు రాదు. పెంటయ్య ముఖం కడుక్కుని వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడి వార్తలు చదివినట్టు చదివేవాడు.

“ఇయ్యాల్టి ఆర్డర్ ఏంది?” అని అడిగేది ఆమె, బియ్యం ఏరుతూ.

“టిఫిన్ గిన్నెలు మనిషికొక్కటే. ఎవ్వలది వాళ్ళే కడుక్కోవాలె.”

“ముప్పై ఏండ్ల సంది నీది ఎవ్వలు కడుగుతున్నరో గది గూడ రాయమను.”

ఆ చీటీలతో మంచి జరగలేదని చెప్పలేం. గట్టు ఖాళీ అయింది. బొద్దింకలు తగ్గాయి. కనిపించకుండా పోయిన పెంటయ్య కళ్ళద్దాలు దారాల డబ్బాలో దొరికాయి. కానీ సక్కుబాయి క్యాంటీన్ నుంచి వచ్చిన ప్రతిరోజూ ఇంట్లో ఏదో ఒకటి తక్కువగా కనిపించేది. ఏది తక్కువో వెంటనే తెలిసేది కాదు. గోడ దగ్గర చాప లేదు, కిటికీలో నూనె టిన్ను లేదు. అడిగితే సంయుక్త నెమ్మదిగా చెప్పేది, ఎవరికిచ్చిందో, వాళ్ళు ఎంత సంతోషపడ్డారో. ఆ సంతోషం ముందు సక్కుబాయి ఏమనాలి?

“పాడుబడ్డ ఇల్లు లెక్క జేస్తున్నది,” అని మొగుడితో అనేది.

“గాలి ఒస్తున్నది గదనే.”

“గాలి గావాల్నంటే బయట గూసో.”

ఇలా నడుస్తుండగా సాయిలు వచ్చాడు.

సాయిలు ఆమె తమ్ముడు. ఎనిమిదేళ్ళుగా అక్క ఇంటి గడప తొక్కలేదు. తల్లి పోయిన ఏడు, తల్లి వాడిన ఇత్తడి గంగాళాన్ని అక్కతో ఒక మాటైనా చెప్పకుండా పాత సామానులవాడికి అమ్మేశాడు. సక్కుబాయి పోయి వాకిట్లో నిలబడి నానా మాటలు అని వచ్చింది. అంతే. పుట్టింటివాళ్ళు పెళ్లయిన ఆడపిల్లకు మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒడిబియ్యం, అంటే ఒడిలో పసుపు కలిపిన బియ్యం, పోయాలి. సాయిలు పోయలేదు. చుట్టాల పెళ్లిళ్ళలో ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుంటే, ఎవరికెప్పుడు ఒడిబియ్యం అయిందన్న మాట వచ్చిన ప్రతిసారీ సక్కుబాయి లేచి వంటల దగ్గరికి పోయేది. ఒడిబియ్యం ఆగిందంటే పుట్టింటి తలుపు పడ్డట్టే.

ఆ తలుపు ఇన్నేళ్ళకు తెరుచుకుంది. సాయిలు ఆదివారం ఎవరిదో జీపు మాట్లాడుకుని వచ్చి, అక్కనూ బావనూ ఎక్కించుకుని పోయాడు. నరేందర్, సంయుక్త ఆ ఆదివారం కూడా ఆఫీసే. పల్లెలో ఐదుగురు ముత్తైదువలు సక్కుబాయి ఒడి నింపారు. ఐదుంబావు కిలోల బియ్యం, సాయిలు సొంత పొలంలో పండిన దొడ్డు బియ్యం, పసుపు కలిపి. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, కొత్త చీర. ఆ బియ్యాన్ని ఆమె తన ఇంటికి తీసుకుపోయి, ఐదో నాడు తన పొయ్యి మీద వండి అయినవాళ్ళకు పెట్టాలి. సాయిలు, అతని భార్య శుక్రవారం వచ్చి తిని పోతామన్నారు. వస్తే మళ్ళీ రాకపోకలు మొదలైనట్టే. సక్కుబాయి జీపులో దారంతా ఒడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పెంటయ్య పలకరించినా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక కుడుకలు, ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టింది. చీర మడతపెట్టింది. బియ్యాన్ని ఒక పాత బాస్మతి సంచిలోకి, ఆమె దాచిన సంచుల్లో మిగిలిన ఒకే ఒక గట్టి సంచిలోకి పోసి, దేవుడి పటాల కింద నేల మీద పెట్టింది. కోడలికి చెప్పలేదు. తను లేచేసరికి కోడలు నిద్రలో ఉంటుంది. కోడలు రెండో షిఫ్టు నుంచి వచ్చేసరికి తను నిద్రలో ఉంటుంది. అయినా పెళ్లయిన ఆడపిల్లకు పసుపు బియ్యం ఏమిటో తెలియకుండా ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

బుధవారం చందానగర్ దగ్గర ముంబై హైవే మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బళ్ళు ఆపడం. పొద్దున పదింటికి సందులో ఆడవాళ్ళు డప్పుతో ఇల్లిల్లూ తిరుగుతూ బియ్యం అడుగుతూ వచ్చారు.

మధ్యాహ్నం సక్కుబాయి హఫీజ్‌పేట నుంచి నడిచే వచ్చింది. ఆటోలు అక్కడే ఆపేశారు. హైవే మీద లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. దూరం నుంచే పోపు వాసన వచ్చింది. పెద్ద డేగిసాల చుట్టూ జనం. పక్కింటి అమ్మణ్ణి చేతిలో గరిటెతో ఆమెను చూసి కేకేసింది.

“ఓ సక్కుబాయీ! ఏం కోడల్ని దెచ్చినవే! అందరు సోలెడు ఇస్తే నీ కోడలు సంచికి సంచే ఇచ్చింది!”

“మంచిగైంది,” అంది సక్కుబాయి, చెప్పులు సరిచేసుకుంటూ. “ఏం సంచి?”

“బాస్మతి సంచి. లోపల జూస్తే దొడ్డు బియ్యం! పసుపు గూడ కలిపే ఉన్నది. పులిహోర జేద్దామనుకున్నం, పసుపు ఏస్కునే పని గూడ లేకపాయె.”

సక్కుబాయి డేగిసాలోకి చూసింది. అడుగున కొంచెం మిగిలింది. దాని పక్కనే, రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని, డిపోవాళ్ళ మధ్య పెంటయ్య విస్తరాకు ముందు కూర్చుని ఉన్నాడు.

“రావే, రా,” అన్నాడు పెంటయ్య నోటి నిండా పెట్టుకుని. “మూడోపారి ఏయించుకుంటున్న. గిసోంటి పులిహోర మన పెండ్లిల గూడ తినలే.”

“ఏ బియ్యమో ఎర్కేనా?”

“ఏ బియ్యమైతేంది?”

చెప్పింది. పెంటయ్య చెయ్యి విస్తరాకు మీద ఆగింది. పక్కవాళ్ళు కూడా ఆపారు. తర్వాత పెంటయ్య, తప్పు చేస్తూ దొరికిన పిల్లవాడిలా కాకుండా, లెక్క తేల్చేవాడిలా అన్నాడు.

“మనింటి బియ్యం నేను తింటినా లేదా? తింటి. నువ్వు గూడ ఇంత తిను. ఊరంత తిన్నది. ఇంకేం గావాలె?”

“నా పొయ్యి మీద ఒండాలె. నా తమ్ముడు తినాలె.”

“పొయ్యిదేముందే, గదీ మంటే, ఇదీ మంటే.”

“నీ తోని మాట్లాడుడు నాదే తప్పు.”

అమ్మణ్ణి గరిటె కింద పెట్టేసింది. “అయ్యో, మాకేం దెలుసునే. కుడుక లేదు, ఖర్జూరం లేదు, ఒడిబియ్యమని ఎట్లనుకుంటం. అడిగిన గూడ. గిన్నిస్తున్నవేంది పిల్లా అంటే, ఉంచుకోండి ఆంటీ, మీకు పనికొస్తాయి అన్నది.” ఆమె ఒక విస్తరాకులో మిగిలిన పులిహోర పెట్టి ఇవ్వబోయింది. సక్కుబాయి తీసుకోలేదు. రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాళ్ళు దాటి ఇంటి వైపు నడిచింది.

సంయుక్త ఇంట్లోనే ఉంది. హైవే ఆగడంతో ఆఫీసు కారు రాలేదు, కరెంటు లేదు. ల్యాప్‌టాప్ మూసి గుమ్మంలో కూర్చుని విసురుకుంటోంది. అత్త ముఖం చూసి లేచి నిలబడింది.

“దేవుని కాడి సంచి ఏమైంది?”

“బియ్యమా అండి? రోడ్డు మీద వంటకిచ్చానండి. మావయ్యగారి వాళ్ళదే కదా, మన ఇంటి నుంచి తక్కువిస్తే బాగోదనిపించింది. అందులోనూ...” సంయుక్త కొంచెం ఆగింది. “నేనే తక్కువిచ్చానంటే ఇంకో రకంగా అనుకుంటారు కదండి.”

సక్కుబాయికి ఆ చివరి మాట అర్థమయింది. సందులో ఆంధ్రమ్మాయి ఒక్కతే. అర్థం కావడం వల్ల కోపం తగ్గకపోగా, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా పెరిగింది.

“మూడొద్దులు కదల్లేదనా?”

“అదీ ఉంది. పురుగు పట్టకుండా పసుపు కలిపిన పాత బియ్యం అనుకున్నానండి. మా అమ్మ అలాగే కలుపుతుంది. సంచి కూడా పాతది...”

“పాత సంచిల ఎందుకు వోసిన? మంచి సంచులన్ని నువ్వు ఎవ్వలికో ఇచ్చి పుణ్యం గట్టుకున్నవని.”

“అసలవి ఏం బియ్యం అత్తయ్యా?”

సక్కుబాయి మెట్టు మీద కూలబడింది. చెప్పాల్సి రావడమే ఆమెకు కష్టంగా ఉంది. “మీ అమ్మ నిన్ను అత్తగారింటికి పంపేటప్పుడు చలిమిడి పెట్టింది గద. అది తీస్కపోయి నేను తొవ్వల పోయేటోనికి ఇస్తే?” అంది. తర్వాత మిగతాది చెప్పింది. గంగాళం దగ్గర మొదలుపెట్టి శుక్రవారం దాకా.

సంయుక్త వింటూ వింటూ కింద మెట్టు మీద కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి సక్కుబాయికి విసుగు పుట్టింది.

“ఏడ్వకు. నువ్వు ఏడిస్తే నేను నిన్ను ఊకోబెట్టాలె. నాకు గంత ఓపిక లేదు.”

“ఇంకో ఐదు కిలోలు కొందాం అత్తయ్యా. పసుపు కలుపుదాం. వాళ్ళకెలా తెలుస్తుంది?”

“నువ్వు దెచ్చేది సోనమసూరి. వాడు జేసేది ఎవుసం. ముద్ద నోట్ల వెట్టుకుంటనే చెప్తడు.”

“దొడ్డు బియ్యమే వెతికి తెస్తానండి.”

“బంద్ల దుకాణాలు యాడ తీసినయి?”

లోపల ఫ్రిజ్ మీది చీటీలు కిటికీ గాలికి అల్లల్లాడుతున్నాయి. పెంటయ్య వచ్చాడు. ఎవరినీ చూడకుండా చెప్పులు విడిచి, కాళ్ళు ఎక్కువ సేపు కడుక్కున్నాడు.

సాయంత్రం అయిదింటికి ఫోను సాయిలే చేశాడు. సక్కుబాయికి ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదు, స్పీకర్ పెట్టుకుంటుంది. మాటలన్నీ ఇల్లంతా వినబడతాయి.

“అక్కా, ఎల్లుండి పొద్దుగాలనే బయల్దేర్తం. నీ మరదలు గారెలు గావాల్నంటున్నది.”

“ఆ బియ్యం లెవ్వు సాయిలూ.”

“లెవ్వంటే?”

“వంటావార్పుల ఒండిన్రు. రోడ్డు మీద. నేను డ్యూటీకి వోయిన.”

అవతల ఎక్కడో ట్రాక్టరు శబ్దం వచ్చింది.

“గంగాళం అమ్మితే ఎనిమిదేండ్లు నా మొకం జూడకపోతివి. ఇప్పుడు నువ్వు జేసిందేంది?”

సక్కుబాయి ఫోనును రెండో చేతిలోకి మార్చుకుంది.

“ఎవ్వలిచ్చిన్రు?” సాయిలు గొంతు పెరిగింది. “ఆ ఆంధ్ర పిల్లనేనా? కావాల్నని ఇచ్చింది. నేను నరేందర్‌గాని పెండ్లప్పుడే జెప్పిన.”

“నువ్వు పెండ్లికే రాలే. ఎవ్వలికి జెప్పినవు?”

“జెప్పి పంపిన.”

“కావాల్నని మన పోరాటానికి ఐదు కిలోల బియ్యం ఇచ్చే ఆంధ్రోల్లు ఇంకెంతమంది ఉన్నరో జూడు సాయిలూ, తెలంగాణ రేపే వస్తది.”

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది. పెంటయ్య గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. సాయిలుకు నవ్వు రాలేదు.

“నవ్వులాట గాదక్కా. ఇది శాంతం గావాలె. మల్ల పొయ్యాలె ఒడిబియ్యం.” అతను ఊపిరి తీసుకున్నాడు. “దసరా పోయినంక పంతుల్ని అడిగి మంచిరోజు జూపిస్త. నువ్వు, బావ ఇద్దరే రండ్రి. ఆ పిల్ల రావద్దు. బియ్యం దీస్కపోయినంక ఆమె చెయ్యి తగలొద్దు. పెట్టెల వెట్టి తాళమెయ్యి. ఒండేటప్పుడు ఆమెను ఇంట్ల ఉంచకు, రెండొద్దులు తల్లిగారింటికి పంపు. చీర మల్ల కొనాలె, నీ మరదలికి నేనే జెప్తా, ఆమె ఏమన్న గాని. ఐదుగురు ముత్తైదువలల్ల మొన్నటోళ్ళు ఒద్దు, వాళ్ళ చెయ్యి కలిసిరాలే. ఇంకోటి, రేపెప్పుడన్న నీకూ నాకూ మాట వస్తే, నేను రెండుసార్లు వోసిననని యాదికి ఉంచుకోవాలె. ఇంటున్నవా? ఇంకోటి...”

సక్కుబాయి ఫోనును మోకాలి మీద పెట్టుకుని వింటోంది. సంయుక్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సాయిలు ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు ఎవరు ముందు నడవాలో, సంచి ఎవరు ఎత్తుకోవాలో, దీపం ఏ దిక్కున పెట్టాలో. పెంటయ్య ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. సక్కుబాయి కొంగుతో మెడ తుడుచుకుంది.

“సాయిలూ, జర ఆగు,” అంది. “నాకు ఇగ ఒడిబియ్యం ఒద్దు. దసరాకొద్దు, ఐదేండ్లకొద్దు, ఎప్పటికొద్దు. శుక్రవారం నువ్వూ నీ పెండ్లామూ వట్టి చేతులతోని రాండ్రి. ఇంట్ల ఏముంటే అది తిని పోండ్రి.”